టెర్మినల్ మొండికేస్తే: లినక్స్ డెస్క్‌టాప్‌లో ఎన్విరాన్‌మెంట్ సెట్టింగులు సరిచేసుకోవడం ఎలా

భీమవరం, అమలాపురం వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని ఉబుంటు లినక్స్ వేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. వేసుకోవడం వరకు పెద్ద ఇబ్బంది లేదు. కొన్నాళ్లకు ‘కమాండ్ నాట్ ఫౌండ్’ మొదలవుతుంది. నిన్నటిదాకా నడిచిన జావా ఇవాళ నడవదు. ఒక పైథాన్ పిలిస్తే ఇంకో పైథాన్ పలుకుతుంది. తెలుగు పేరున్న ఫైళ్లు ప్రశ్న గుర్తులుగా కనిపిస్తాయి. ఇక నెట్‌లో దొరికిన ప్రతి లైనూ .బాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలు చివర అతికించడం, కుదరకపోతే ఇంకో లైను అతికించడం. ల్యాబ్ పరీక్ష ముందు రోజు టెన్షన్ పెరిగి, చివరికి ఓఎస్ మొత్తం తీసేసి మళ్లీ వేయడం.

అంత అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. టెర్మినల్ కిటికీలో మీరు కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామే షెల్. ప్రోగ్రాములు చూసుకునే పేర్లు (వేరియబుల్స్), వాటి విలువల జాబితాయే ఎన్విరాన్‌మెంట్. ఏ షెల్ నడుస్తోంది, అది ఏ ఫైలు చదివింది, చెడిన విలువ ఎక్కడ మారింది. ఈ మూడూ వరసగా చూసుకున్నాకే ఫైలు మీద చెయ్యి వేయాలి. చూడకముందే మార్చడం వల్లే చిన్న తప్పు పెద్దదవుతుంది.

కమాండ్లను ఇక్కడ ఫోన్లో చెప్పుకునేటట్టు తెలుగు లిపిలోనే రాశాను. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే, అన్నీ చిన్నబడిలో (స్మాల్ లెటర్స్). పాత్, హోమ్, లాంగ్, టెర్మ్ వంటి వేరియబుల్ పేర్లు పూర్తిగా పెద్దబడిలో (క్యాపిటల్స్) ఉంటాయి. చుక్క, డాలర్, వాలు గీత వంటి గుర్తులు ఉన్నవి ఉన్నట్టే. ఉదాహరణలన్నీ ఉబుంటు, డెబియన్, మింట్‌లకు సరిపోతాయి.

మొదలుపెట్టే ముందు

టెర్మినల్ కిటికీలు రెండు తెరిచి ఉంచండి. ఒకదాంట్లో మార్చండి, కొత్తగా మూడోది తెరిచి పరీక్షించండి. మార్పు చెడినా, ముందు నుంచి తెరిచి ఉన్న కిటికీలో పాత సెట్టింగులు అలాగే ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి వెనక్కి రావచ్చు. తర్వాత ముట్టుకోబోయే ఫైలుకు నకలు తీయండి.

సీపీ ~/.బాష్‌ఆర్‌సీ ~/.బాష్‌ఆర్‌సీ.పాతది

~ అంటే మీ ఇంటి (హోమ్) ఫోల్డర్. ‘పాతది’ బదులు మీకు గుర్తుండే ఏ పేరైనా పెట్టుకోవచ్చు. బ్యాటరీ పనిచేయని ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఈ నకలును అస్సలు మరవకూడదు. తుపాను గాలికి కొబ్బరి మట్ట లైను మీద పడి కరెంటు పోయే ఊళ్లలో, సేవ్ అవుతున్న క్షణంలో మిషన్ ఆగిపోతే ఫైలు సున్నా బైట్లతో మిగిలిపోవచ్చు. ‘ఎల్ఎస్ -ఎల్ ~/.బాష్‌ఆర్‌సీ’ కొట్టి సైజు చూడండి. సున్నా ఉంటే మీ సెట్టింగులు తప్పు కావు, అసలు ఫైలే ఖాళీ అన్నమాట. అలాంటప్పుడు సిస్టమ్‌లో దాచి ఉంచిన అసలు ప్రతి తెచ్చుకోవచ్చు.

సీపీ /ఈటీసీ/స్కెల్/.బాష్‌ఆర్‌సీ ~/

స్కెల్ ఫోల్డర్‌లో .ప్రొఫైల్ అనే ఇంకో సెట్టింగుల ఫైలు కూడా ఉంటుంది. కొత్త యూజర్‌ను చేర్చినప్పుడు సిస్టమ్ ఇచ్చే మొదటి ప్రతులు ఇవే. చాలామందికి ఈ ఫోల్డర్ సంగతి తెలియక నెట్‌లో ఎవరిదో బాష్‌ఆర్‌సీ తెచ్చి పెట్టుకుంటారు. అది వద్దు.

అదే ఎల్ఎస్ వరసలో యజమాని పేరు కూడా చూడండి. మీ పేరు ఉండాల్సిన చోట ‘రూట్’ (అడ్మిన్ ఖాతా) అని ఉంటే ఎప్పుడో సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) పెట్టి నానో ఎడిటర్‌తో ఆ ఫైలు తయారు చేశారన్నమాట. ఇప్పుడు మీరు మార్చినా సేవ్ కాదు.

సుడో సీహెచ్ఓన్ $యూజర్:$యూజర్ ~/.బాష్‌ఆర్‌సీ

ఇంటి ఫోల్డర్‌లోని సొంత ఫైలుకు, ఇలా యజమానిని సరిచేయడానికి తప్ప, సుడో ఎప్పుడూ వాడకండి.

ఏ షెల్‌తో మాట్లాడుతున్నారు?

ఉబుంటులో మామూలుగా ఉండేది బాష్. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాయగా 1989లో వచ్చింది. కాలీ లినక్స్ వాడే పిల్లలకు మాత్రం 2020 చివరి నుంచి జడ్‌షెల్ వస్తోంది. జడ్‌షెల్ బాష్‌ఆర్‌సీని చదవదు, దానిది .జడ్ఎస్‌హెచ్‌ఆర్‌సీ. కాలీ వేసుకుని బాష్‌ఆర్‌సీలో లైన్లు రాస్తూ ‘ఎంత రాసినా పట్టించుకోవట్లేదు’ అనడానికి కారణం చాలాసార్లు ఇదే.

‘ఎకో $షెల్’ కొట్టి నమ్మేయకండి. అది మీ ఖాతాకు రాసి ఉన్న షెల్ పేరు మాత్రమే చెబుతుంది. ఇప్పుడు నిజంగా నడుస్తున్నది తెలియాలంటే ఇలా అడగాలి:

పీఎస్ -పీ $$

చివరి గడిలో వచ్చిన పేరే అసలు జవాబు.

ఏ ఫైలు ఎప్పుడు చదువుతుంది

ఈ భాగం నిదానంగా చదవండి. మిగతా వ్యాసమంతా దీనిమీదే నిలబడింది.

బాష్ రెండు రకాలుగా మొదలవుతుంది. లాగిన్ షెల్‌గా మొదలైతే ముందు /ఈటీసీ/ప్రొఫైల్ చదువుతుంది. ఆ తర్వాత మీ ఇంటి ఫోల్డర్‌లో .బాష్_ప్రొఫైల్, .బాష్_లాగిన్, .ప్రొఫైల్ అనే మూడింటినీ ఈ వరసలో వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్నే చదివి ఆగిపోతుంది. లాగిన్ కాకుండా ఊరికే కిటికీ తెరిస్తే .బాష్‌ఆర్‌సీ చదువుతుంది. ఉబుంటులో టెర్మినల్ ఐకాన్ నొక్కితే తెరుచుకునేది ఈ రెండో రకం. బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా వచ్చినా, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి నల్ల తెర మీద లాగిన్ అయినా మొదటి రకం. మీరు ఎందులో ఉన్నారో ఇలా తెలుస్తుంది:

షాప్ట్ లాగిన్_షెల్

‘ఆన్’ అంటే లాగిన్ షెల్, ‘ఆఫ్’ అంటే కాదు.

‘మొదట దొరికిన ఒక్కదాన్నే’ అన్న మాట దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. ఉబుంటులో మొదట ఉండేది .ప్రొఫైల్ ఒక్కటే. మీరో, మీరు వేసిన ఏదైనా ఇన్‌స్టాలరో .బాష్_ప్రొఫైల్ అనే కొత్త ఫైలు సృష్టిస్తే ఆ రోజు నుంచి .ప్రొఫైల్‌ను బాష్ ముట్టుకోదు. అందులోని సెట్టింగులన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. ఏ ఎర్రర్ మెసేజూ రాదు, అందుకే పట్టుకోవడం కష్టం. ‘ఎల్ఎస్ -ఏ ~’ కొట్టి .బాష్_ప్రొఫైల్ ఉందేమో చూడండి. ఉంటే అందులోని పనికొచ్చే లైన్లను .ప్రొఫైల్‌లోకి మార్చి దాన్ని తీసేయండి. ఒకవేళ అది ఉండాల్సిందే అయితే అందులో ఈ లైను చేర్చండి:

. ~/.ప్రొఫైల్

మొదటి చుక్క, ఖాళీ, ఆ తర్వాత ఫైలు పేరు. ఆ ఫైలును ఇక్కడే చదువు అని దాని అర్థం.

రెండో చిక్కు వారసత్వానిది. ఎన్విరాన్‌మెంట్ అనేది పై ప్రోగ్రాము నుంచి కింది ప్రోగ్రాముకు నకలుగా దిగుతుంది, ఎప్పుడూ పైకి ఎక్కదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువ, పంట కాలువ, బోదె దాటుకుంటూ శివారు పొలానికి వస్తుంది. మీ బోదెలో మట్టి కలిపితే మీ మడికీ, మీ దిగువకూ బురద నీరు వస్తుందే కానీ ఎగువ కాలువ మారదు. టెర్మినల్ కిటికీలో ‘ఎక్స్‌పోర్ట్’ కొట్టి పెట్టిన విలువ కూడా అంతే. ఆ కిటికీకీ, దాన్నుంచి మొదలైన ప్రోగ్రాములకే అది కనిపిస్తుంది. పక్క కిటికీకి, డెస్క్‌టాప్ ఐకాన్లకు తెలియదు. కిటికీ మూస్తే పోతుంది.

ఎక్స్‌పోర్ట్ అనే మాట లేకుండా విలువ పెడితే అది కిందికి కూడా దిగదు, ఆ షెల్‌లోనే ఉండిపోతుంది. ‘ఎకో’తో చూస్తే విలువ ఉన్నట్టే కనిపించి, ప్రోగ్రాము మాత్రం లేదంటుంటే ‘ఎన్వ్’ అనే కమాండ్ కొట్టండి. ఆ జాబితాలో పేరు లేకపోతే ఎక్స్‌పోర్ట్ మరిచారన్నమాట.

దీన్నిబట్టి ఏది ఎక్కడ రాయాలో తేలుతుంది. ఏలియాస్‌లు (కమాండ్లకు పెట్టుకునే పొట్టి పేర్లు), ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోట ముందు కనిపించే వరస) రంగులు, ట్యాబ్ నొక్కితే వచ్చే సూచనలు బాష్‌ఆర్‌సీలో. పాత్, జావా_హోమ్ (జావా ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పేది) వంటి ఎక్స్‌పోర్ట్‌లు .ప్రొఫైల్‌లో. .ప్రొఫైల్ మార్చాక కొత్త కిటికీ తెరిస్తే చాలదు, డెస్క్‌టాప్ నుంచి లాగౌట్ అయి మళ్లీ రావాలి.

పాత్: ఎక్కువ గోల ఇక్కడే

పాత్ అంటే కోలన్ గుర్తులతో విడదీసిన ఫోల్డర్ల వరస. మీరు కమాండ్ కొట్టగానే షెల్ ఎడమ నుంచి కుడికి ఒక్కో ఫోల్డర్ వెతికి, మొదట దొరికినదాన్ని నడుపుతుంది. ముందు అది కళ్లతో చూడండి.

ఎకో $పాత్ | టీఆర్ ':' '\ఎన్'

ఫోల్డర్లు వరసకు ఒకటి చొప్పున వస్తాయి. ఒకే ఫోల్డర్ మళ్లీ మళ్లీ కనిపిస్తే బాష్‌ఆర్‌సీలో పాత్ పెంచే లైను ఉందని, మీరు ‘సోర్స్ ~/.బాష్‌ఆర్‌సీ’ కొట్టినప్పుడల్లా అది ఇంకో ప్రతి చేరుస్తోందని అర్థం. నష్టం లేదు కానీ తప్పు వెతికేటప్పుడు కళ్లు చెదురుతాయి. ఆ లైనును .ప్రొఫైల్‌లోకి మార్చేయండి.

అన్నింటికన్నా కంగారు పెట్టే సందర్భం ఒకటుంది. ఎల్ఎస్ కొట్టినా, నానో కొట్టినా, ఏం కొట్టినా ‘కమాండ్ నాట్ ఫౌండ్’. ఎవరో ఇలా రాసి ఉంటారు:

ఎక్స్‌పోర్ట్ పాత్=/ఆప్ట్/జేడీకే/బిన్

పాత వరస చివరన చేర్చకుండా మొత్తం చెరిపేశారు. భయపడక్కర్లేదు. ఎకో, సీడీ, ఎక్స్‌పోర్ట్ వంటివి షెల్ లోపలే ఉంటాయి కాబట్టి పాత్ లేకపోయినా పనిచేస్తాయి. ఆ కిటికీలోనే ఇలా కొట్టండి:

ఎక్స్‌పోర్ట్ పాత్=/యూఎస్ఆర్/లోకల్/బిన్:/యూఎస్ఆర్/బిన్:/బిన్

మామూలు కమాండ్లన్నీ తిరిగొస్తాయి, కానీ ఈ కిటికీకి మాత్రమే. ఇప్పుడు నానోతో ఫైలు తెరిచి తప్పు లైనును ఇలా మార్చండి:

ఎక్స్‌పోర్ట్ పాత్="$పాత్:/ఆప్ట్/జేడీకే/బిన్"

$పాత్ ముందు పెడితే సిస్టమ్ ప్రోగ్రాములకు మొదటి మర్యాద. వెనక పెడితే మీరు చేర్చిన ఫోల్డర్‌కు. గట్టి కారణం లేకపోతే ముందే పెట్టండి.

రాసే తీరులో తరచూ దొర్లే తప్పులు మూడు. సమానం గుర్తుకు రెండు పక్కలా ఖాళీ వదలడం మొదటిది. ‘నాట్ ఎ వాలిడ్ ఐడెంటిఫయర్’ అని వస్తే అదే. రెండోది, కొటేషన్ల మధ్య ఇంటి గుర్తు ~ రాయడం. కొటేషన్లలో అది ఇంటి ఫోల్డర్‌గా విప్పుకోదు, దాని బదులు $హోమ్ రాయండి. మూడోది, జావా_హోమ్ విలువలో చివర బిన్ కూడా కలిపేయడం. సరైన చోటు తెలియాలంటే:

రీడ్‌లింక్ -ఎఫ్ $(విచ్ జావా)

వచ్చిన దారిలో /బిన్/జావా తీసేస్తే మిగిలిందే జావా_హోమ్. జావా 17 వేసుకున్నవాళ్లకు అది మామూలుగా /యూఎస్ఆర్/లిబ్/జేవీఎం కింద 17 అంకె ఉన్న ఫోల్డర్ అవుతుంది. జావా వెర్షన్ మార్చిన రోజు ఈ లైను కూడా మార్చాలి, లేకపోతే లేని ఫోల్డర్‌ను చూపిస్తూ ఉంటుంది.

‘ఒక పైథాన్ పిలిస్తే ఇంకోటి పలుకుతోంది’ అన్నదానికి ‘విచ్’ కన్నా ఇది మంచి సాధనం:

టైప్ -ఏ పైథాన్3

ఆ పేరుతో ఉన్నవన్నీ, ఏలియాస్‌తో సహా, షెల్ ఎంచుకునే వరసలోనే చూపిస్తుంది. పై వరసలో మినీకాండా (సొంత పైథాన్‌తో వచ్చే కాండా సాధనం) ఫోల్డర్ కనిపిస్తే, అది బాష్‌ఆర్‌సీలో రాసుకున్న భాగం ప్రతి కిటికీలోనూ దాని సొంత పైథాన్‌ను ముందుకు తోస్తోందని అర్థం. ఆ భాగాన్ని చెరిపేయాల్సిన పని లేదు.

కాండా కాన్ఫిగ్ --సెట్ ఆటో_యాక్టివేట్_బేస్ ఫాల్స్

కొత్త కిటికీ తెరిస్తే సిస్టమ్ పైథాన్ పలుకుతుంది. కాండా కావాల్సినప్పుడు ‘కాండా యాక్టివేట్’ అని మీరే పిలుచుకోవచ్చు.

ప్రోగ్రామును ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చాక, బాష్ పాత చోటే చూపించి ‘నో సచ్ ఫైల్’ అంటే ‘హ్యాష్ -ఆర్’ కొట్టండి. అది గుర్తు పెట్టుకున్న దారులు మరిచిపోయి మళ్లీ వెతుకుతుంది.

ఇంకో సంగతి. పైథాన్ ప్రోగ్రాములు వేసుకునే పిప్‌ఎక్స్‌తో వేసిన ప్రోగ్రాములు ~/.లోకల్/బిన్‌లోకి వెళతాయి. ఉబుంటు .ప్రొఫైల్ ఆ ఫోల్డర్‌ను పాత్‌లో చేర్చేది, లాగిన్ అయ్యే సమయానికి అది ఉంటేనే. మొదటిసారి వేసినప్పుడు ఫోల్డర్ అప్పుడే పుట్టింది కాబట్టి కమాండ్ దొరకదు. ఏ ఫైలూ మార్చకండి. లాగౌట్ అయి రండి, అంతే.

కిటికీలో పనిచేస్తుంది, బయట పనిచేయదు

డెస్క్‌టాప్ మీద ఐకాన్ నొక్కి తెరిచిన ఎడిటర్‌కు బాష్‌ఆర్‌సీ గురించి తెలియదు. దానికి పైన టెర్మినల్ లేదు, డెస్క్‌టాప్ సెషన్ ఉంది. అందుకే ఎక్స్‌పోర్ట్‌లు .ప్రొఫైల్‌లో ఉండాలన్నాను. మిషన్‌లోని అందరు యూజర్లకూ కావాలంటే /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ అనే ఫైలు ఉంది. అయితే అది షెల్ స్క్రిప్ట్ కాదు. అందులో పేరు, సమానం, విలువ మాత్రమే రాయాలి. ఎక్స్‌పోర్ట్ అక్కర్లేదు. $పాత్ అని రాస్తే విప్పుకోదు, ఆ అక్షరాలే విలువగా కూర్చుంటాయి. కాలేజీ ల్యాబ్‌లో ఎవరైనా ఈ ఫైలు మార్చబోతుంటే ఆ ఒక్క విషయం తప్పకుండా చెప్పండి. అది చెడితే ఆ మిషన్‌లో ఎవరి కమాండ్లూ పనిచేయవు.

సుడో పెట్టగానే కమాండ్ దొరక్కపోవడం లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. సుడో మీ పాత్‌ను పక్కన పెట్టి, /ఈటీసీ/సుడోయర్స్‌లో సెక్యూర్_పాత్ పేరుతో రాసి ఉన్నదాన్నే వాడుతుంది. ఎప్పుడో ఒకసారి అవసరమైతే ప్రోగ్రాము పూర్తి దారి ఇచ్చి నడపండి. ఆ ఫైలు మార్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మార్చక తప్పని పరిస్థితి వస్తే ‘విసుడో’తోనే తెరవాలి. తప్పు రాస్తే సేవ్ చేసే ముందే అది ఆపుతుంది.

ఇక క్రాన్, అంటే చెప్పిన సమయానికి కమాండ్లను తనంతట తానే నడిపే ప్రోగ్రాము. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఇది ప్రాజెక్టు మార్కుల వరకే ఆగే విషయం కాదు. ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలు చెరువు రీడింగులకు పైథాన్ స్క్రిప్టులు రాసుకుంటే నాకు చాలా సంతోషం. చెరువు నీళ్లలో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున బాగా అడుగంటుతుంది. రాత్రి మూడింటికి సెన్సార్ రీడింగ్ చూసి ఏరియేటర్లు వేయమని ఫోన్‌కు మెసేజ్ పంపే స్క్రిప్టు అనుకోండి. కిటికీలో నడిపితే చక్కగా మెసేజ్ వస్తుంది. క్రాన్‌లో పెడితే రాదు. మెసేజ్ రాకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే క్రాన్‌లో పెట్టిన స్క్రిప్టును పగటిపూట పరీక్షించకుండా ఏ రాత్రీ దానికి వదిలేయకూడదు.

క్రాన్ మీ బాష్‌ఆర్‌సీనీ చదవదు, ప్రొఫైల్‌నూ చదవదు. దాని పాత్‌లో మామూలుగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ రెండే ఉంటాయి. అది వాడే షెల్ /బిన్/ఎస్‌హెచ్, ఉబుంటులో అది బాష్ కాదు, డ్యాష్ అనే ఇంకో షెల్. క్రాన్ కళ్లతో చూడాలంటే ‘క్రాన్‌ట్యాబ్ -ఈ’ కొట్టి తాత్కాలికంగా ఈ లైను చేర్చండి:

* * * * * ఎన్వ్ > /టీఎంపీ/క్రాన్.టీఎక్స్‌టీ

ఒక నిమిషం ఆగి ఆ ఫైలు చూడండి. మీ కిటికీలో ‘ఎన్వ్’ చూపించేదానికీ దీనికీ ఎంత తేడానో తెలుస్తుంది. చూశాక ఆ లైను తీసేయండి. తర్వాత అసలు లైనులో పైథాన్‌కు, స్క్రిప్టుకు పూర్తి దారులు ఇవ్వండి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్) వాడుతుంటే దాని బిన్ ఫోల్డర్‌లోని పైథాన్ దారి ఇస్తే చాలు, యాక్టివేట్ చేయనక్కర్లేదు. లైను చివర ఇది చేర్చండి:

>> /హోమ్/మీపేరు/చెరువు.లాగ్ 2>&1

ఎర్రర్లు గాలికి పోకుండా ఫైలులో పడతాయి. తేదీ కోసం క్రాన్ లైనులో శాతం గుర్తు వాడితే దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. లేకపోతే క్రాన్ ఆ గుర్తు దగ్గరే కమాండ్‌ను తెంపేస్తుంది. నడిచే సమయాన్ని పది నిమిషాల తర్వాతకు పెట్టి, మెసేజ్ వచ్చాకే మళ్లీ రాత్రి మూడుకు మార్చండి.

తెలుగు, లొకేల్

లొకేల్ అంటే భాషనూ అక్షరాలనూ సంఖ్యలనూ ఎలా చూపించాలో చెప్పే సెట్టింగు. ముందు ఒక చిన్న పరీక్ష:

ప్రింట్ఎఫ్ 'గోదావరి' | డబ్ల్యూసీ -ఎం

ఇక్కడ గోదావరి అని తెలుగులోనే టైప్ చేయాలి. 7 వస్తే మీ లొకేల్ బాగుంది: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి. 21 వస్తే షెల్‌కు తెలుగు అక్షరాలు తెలియడం లేదు, బైట్లు లెక్కపెడుతోంది. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ గుర్తుకూ మూడు బైట్లు పడతాయి.

21 వచ్చినవాళ్లు ‘లొకేల్’ అని కొట్టి ప్రస్తుతం ఏముందో, ‘లొకేల్ -ఏ’ కొట్టి మిషన్‌లో ఏవి తయారుగా ఉన్నాయో చూడండి. మొదటి జాబితాలో ఉన్న పేరు రెండో దాంట్లో లేకపోవడమే ‘కెనాట్ సెట్ లొకేల్’ హెచ్చరికకు మూలం. కావాల్సింది తయారు చేసుకోవడానికి:

సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లొకేల్స్

జాబితాలో తెలుగు కావాలంటే టీఈ_ఐఎన్, భారతీయ ఇంగ్లీషు కావాలంటే ఈఎన్_ఐఎన్ ఎంచుకోండి. రెండింట్లోనూ ఐఎన్ పెద్దబడి. నా సలహా రెండోదే. తెలుగు ఫైళ్లు చదవడానికి రాయడానికి యూటీఎఫ్-8 లొకేల్ ఏదైనా సరిపోతుంది. ఎర్రర్ మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉంటే వెతుక్కోవడం తేలిక, సంఖ్యల్లో కామాలు మాత్రం మన లక్షల లెక్కలో పడతాయి.

ఎల్‌సీ_ఆల్ అనే వేరియబుల్‌ను ఏ ఫైలులోనూ శాశ్వతంగా రాయకండి. అది మిగతా లొకేల్ సెట్టింగులన్నిటినీ తొక్కేస్తుంది. రోజువారీ వాడకానికి లాంగ్ ఉంది. మీ మిషన్ బాగున్నా కాలేజీ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లగానే లొకేల్ హెచ్చరికలు వస్తే, మీ సెట్టింగు మీతోపాటు అక్కడికి వెళ్లిందని, అక్కడ ఆ లొకేల్ లేదని అర్థం. కమాండ్ ముందు లాంగ్=సీ.యూటీఎఫ్-8 అని పెట్టి వెళ్లి చూడండి. ఆ విలువలో సీ, యూటీఎఫ్ పెద్దబడి.

పరీక్షలో 7 వచ్చినా ‘స్త్రీ’, ‘క్ష’ వంటివి విడివిడి ముక్కలుగా కనిపిస్తుంటే అది ఎన్విరాన్‌మెంట్ తప్పు కాదు. టెర్మినల్ తెర సమాన గడులుగా ఉంటుంది. మన వత్తులూ గుణింతాలూ ఆ గడుల్లో ఒదగవు. కేడీఈ డెస్క్‌టాప్ వాళ్ల కాన్సోల్ అనే టెర్మినల్ ప్రోగ్రాము ఈ విషయంలో కొంత మెరుగు. ఫైలు లోపల అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, ఏదైనా మామూలు ఎడిటర్‌లో తెరిచి చూస్తే తెలుస్తుంది. తెలుగు ఫాంట్ ఏదీ లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి, నోటో సాన్స్ తెలుగు వేసుకోవాలి.

తెర చెదిరితే

టైప్ చేసేది కనిపించకపోయినా, పిచ్చి గుర్తులు వస్తున్నా ‘రీసెట్’ కొట్టి ఎంటర్ నొక్కండి. మీరు కొట్టేది కనబడకపోయినా పర్వాలేదు. కీబోర్డు అసలు పలకకపోతే పొరపాటున కంట్రోల్-ఎస్ తగిలిందేమో, కంట్రోల్-క్యూ నొక్కి చూడండి. టెర్మ్ వేరియబుల్‌ను టెర్మినలే పెట్టుకుంటుంది. బాష్‌ఆర్‌సీలో మీరు రాసి ఉంటే ఆ లైను తీసేయండి. పొడవైన కమాండ్ రెండో వరసకు రాకుండా మొదటి వరస మీదే ఎక్కుతుంటే తప్పు ప్రాంప్ట్‌లో ఉంది. ప్రాంప్ట్ రూపం చెప్పే పీఎస్1 వేరియబుల్‌లోని రంగు కోడ్లకు ముందు \[, తర్వాత \] పెట్టాలి.

కనిపించని అక్షరాలు

లైను చూస్తే అంతా సరిగ్గానే ఉంది, అయినా ఎర్రర్. అప్పుడు ఇలా చూడండి, ఇందులో ‘ఏ’ అక్షరం పెద్దబడి:

క్యాట్ -ఏ ~/.బాష్‌ఆర్‌సీ

లైన్ల చివర ^ఎం$ అని ఉంటే ఆ ఫైలు విండోస్‌లో సేవ్ అయింది. ‘డాస్2యూనిక్స్’ వేసుకుని ఆ ఫైలు మీద నడపండి. లైను మధ్యలో ఎం-తో మొదలయ్యే వింత గుచ్ఛాలుంటే వంకర కొటేషన్లు గానీ పొడవు గీతలు గానీ వచ్చి చేరాయి. తెలుగులో రాసుకున్న వ్యాఖ్యలు కూడా అలాగే కనిపిస్తాయి, వాటితో హాని లేదు. ల్యాబ్ మాన్యువల్ వర్డ్ ఫైలుగా ఇస్తే ఇది తప్పదు. వర్డ్ తిన్నని కొటేషన్‌ను వంకర చేస్తుంది, రెండు చిన్న గీతల్ని కలిపి ఒక పొడవు గీత చేస్తుంది. అలాంటి చోట కాపీ చేయకుండా చేత్తో కొట్టుకోవడమే మేలు.

ఎవరు మార్చారో పట్టుకోవడం

ఇంతవరకు చూసినా అంతుచిక్కకపోతే, ముందు ఏ ఫైలూ చదవని షెల్ తెరవండి.

ఎన్వ్ -ఐ హోమ్=$హోమ్ టెర్మ్=$టెర్మ్ బాష్ --నోఆర్‌సీ --నోప్రొఫైల్

సమస్య ఇందులోనూ ఉంటే అది ఆ ప్రోగ్రాముదే. లేకపోతే మీ ఫైళ్లలో ఉంది. ఏ లైనుదో తెలుసుకోవడానికి బాష్ చేతే చెప్పించవచ్చు:

పీఎస్4='+$బాష్_సోర్స్:$లైన్ఎన్ఓ: ' బాష్ -ఎక్స్ఎల్ఐసీ ట్రూ 2>&1 | గ్రెప్ పాత్=

పీఎస్4, బాష్_సోర్స్, లైన్ఎన్ఓ, చివరి పాత్ పెద్దబడిలో, మిగతా చిన్నబడి. పాత్ విలువను తాకిన ప్రతి లైనూ, దాని ఫైలు పేరు, లైను నంబరుతో సహా వరసగా వస్తుంది. ఎల్ తీసేసి నడిపితే మామూలు కిటికీ చదివేవి మాత్రమే వస్తాయి. ఈ ఒక్క కమాండ్ కాగితం మీద రాసి పెట్టుకోండి, చాలా గంటలు మిగులుస్తుంది. ఫైలు మార్చాక కొత్త కిటికీ తెరిచే ముందు ‘బాష్ -ఎన్ ~/.బాష్‌ఆర్‌సీ’ కొడితే మూయని కొటేషన్, పూర్తికాని ‘ఇఫ్’ వంటివి ముందే దొరుకుతాయి.

పాస్‌వర్డ్ కొడితే మళ్లీ లాగిన్ తెరే వస్తుంటే

.ప్రొఫైల్‌లో ‘ఎగ్జిట్’ గానీ, తప్పు ‘ఎగ్జెక్’ గానీ ఉంటే సెషన్ మొదలవుతూనే ముగుస్తుంది. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి నల్ల తెర మీద లాగిన్ అవ్వండి. మొదట ‘డీఎఫ్ -హెచ్’ కొట్టి డిస్క్ నిండలేదని చూసుకోండి, నిండినా ఇదే జరుగుతుంది. ఖాళీ ఉంటే:

ఎంవీ ~/.ప్రొఫైల్ ~/.ప్రొఫైల్.తప్పు
సీపీ /ఈటీసీ/స్కెల్/.ప్రొఫైల్ ~/

.బాష్_ప్రొఫైల్ ఉంటే దాని పేరు కూడా మార్చండి. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్1 లేదా ఎఫ్2తో వెనక్కి వచ్చి లాగిన్ అవ్వండి.

నల్ల తెర కూడా అదే ఫైలు చదువుతుంది కాబట్టి కొన్నిసార్లు అక్కడి నుంచీ గెంటేస్తుంది. అప్పుడు మిషన్ రీస్టార్ట్ చేసి, మిషన్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూ కోసం కొత్త మిషన్లలో ఎస్కేప్, పాతవాటిలో షిఫ్ట్ నొక్కండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రికవరీ మోడ్, అందులో రూట్ ఎంచుకోండి. డిస్క్ రాయడానికి వీలుగా లేకపోతే ముందు ఇది:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /

ఇక్కడ ~ అంటే రూట్ ఇల్లు అవుతుంది కాబట్టి మీ ఫైలుకు /హోమ్/మీపేరు/ అని పూర్తి దారి రాసి పేరు మార్చండి. స్కెల్ నుంచి తెచ్చిన ప్రతికి సీహెచ్ఓన్‌తో యజమానిగా మీ పేరు పెట్టడం మరవకండి. రీస్టార్ట్ చేసి లోపలికి వచ్చాక, పాత ఫైలులోని లైన్లను కొత్తదాంట్లోకి ఒక్కో గుత్తిగా తెచ్చుకుంటూ, ప్రతి గుత్తి తర్వాత లాగౌట్ అయి చూడండి. లాగిన్ చెడిన చోట ఆగి, ఆ గుత్తిని సగం చేసి చూస్తే తప్పు లైను దొరుకుతుంది.